స్టూబెన్ కవాతు: పన్నెండు మందితో, ఒక ఖాళీ జాగాలో

కవాతు అస్సలు తెలియనివాళ్లకు ఇది నేర్పడం సులువు. కష్టమంతా ఎన్.సి.సి. చేసినవాళ్లతోనే. 'సావధాన్' అనగానే మడమలు రెండూ అతుక్కుంటాయి, పిడికిళ్లు బిగుసుకుంటాయి, తిరిగిన ప్రతిసారీ కాలు నేల దద్దరిల్లేలా పడుతుంది. 1779లో అమెరికా సైన్యం కోసం జనరల్ స్టూబెన్ రాసిపెట్టిన కవాతులో ఈ మూడూ తప్పులే. కాబట్టి మీ జట్టులో ఎన్.సి.సి. వాళ్లెవరో, కొత్తవాళ్లెవరో ముందే విడదీసుకోండి. కొత్తవాళ్లతో మొదలుపెట్టండి. పాతవాళ్లు కాసేపు పక్కన నిలబడి చూస్తే వాళ్ల అలవాటు కొంత వదులుతుంది.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు స్వాతంత్ర్య యుద్ధం చిన్న తరగతుల్లోనే పాఠంగా వస్తుంది. 1776 స్వాతంత్ర్య ప్రకటనకు 2026తో 250 ఏళ్లు గనక బడి నాటికలూ ప్రదర్శనలూ ఎక్కువే. ఆనాటి సిపాయి వేషం వేసే పిల్లలు సరిగ్గా నిలబడి సరిగ్గా నడిస్తే చాలు, సగం నాటకం పండినట్టే. ఈ వ్యాసం అందుకోసం.

ముందు ఆయన గురించి కావలసినంత. ఫ్రెడ్రిక్ విల్‌హెల్మ్ వాన్ స్టూబెన్ 1730లో ప్రష్యాలోని (ఇప్పటి జర్మనీ) మాగ్డెబర్గ్‌లో పుట్టాడు. ప్రష్యా సైన్యంలో కెప్టెన్ దాకా ఎదిగాడు, 1763లో కొలువు పోయింది. పారిస్‌లో అమెరికా ప్రతినిధులు బెంజమిన్ ఫ్రాంక్లిన్, సైలస్ డీన్ ఆయన్ని లెఫ్టినెంట్ జనరల్‌గా పరిచయం చేసి అమెరికా పంపారు. ఎక్కడి కెప్టెన్, ఎక్కడి లెఫ్టినెంట్ జనరల్! హోదా అబద్ధమే గానీ పనితనం నిజం. 1778 ఫిబ్రవరిలో అమెరికా సైన్యం చలికాలం గడుపుతున్న వ్యాలీ ఫోర్జ్ విడిదికి చేరేసరికి అక్కడ ఒక రెజిమెంటు ఇంగ్లిష్ పద్ధతిలో, ఇంకొకటి ఫ్రెంచ్ పద్ధతిలో, మరొకటి ప్రష్యన్ పద్ధతిలో కవాతు చేస్తున్నాయి. ఒకరి వెనక ఒకరు బారుగా నడవడం వల్ల దండు మైళ్ల పొడుగున సాగేది, తోక యుద్ధానికి అందేది కాదు. బాయొనెట్లు, అంటే తుపాకీ కొనకి తగిలించే కత్తులు, ఎక్కువగా మాంసం కాల్చుకునే ఊచలుగా పనికొచ్చేవి.

ఆయనకు ఇంగ్లిష్ రాదు. రాత్రి ఫ్రెంచ్‌లో పాఠం రాస్తే, దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చి రెజిమెంట్లకు నకళ్లు పంచేవారు. మైదానంలో కెప్టెన్ బెంజమిన్ వాకర్ దుబాసీగా పక్కనుండేవాడు. తిట్లు సైతం అతనే అనువదించాలి. హిందీ రాని మన ఊరి కుర్రాడు 'దాహినే ముడ్' వినగానే కుడికి తిరుగుతున్నాడంటే, ఆజ్ఞకి భాషతో పెద్ద పని లేదన్నమాట. మాట రెండు ముక్కలుగా రావాలి, అంతే. మొదటి ముక్క హెచ్చరిక, రెండోది అమలు. మధ్యలో ఒక ఊపిరి తీసుకునేంత వ్యవధి ఉండాలి. 'టు ది రైట్' అని ఆగి, 'ఫేస్' అని తెగ్గొట్టినట్టు అనాలి. కలిపేసి అంటే జట్టులో సగం మంది ముందే తిరుగుతారు.

కావలసినవి: కనీసం వంద అడుగుల పొడవు, యాభై అడుగుల వెడల్పు ఉన్న చదునైన జాగా. ముగ్గుపిండి ఒకటి రెండు కిలోలు. కొలతాడు. ఫోన్‌లో మెట్రోనోమ్, అంటే నిమిషానికి ఇన్ని దెబ్బలని తాళం కొట్టే యాప్. తుపాకులకి బదులు మనిషికొక అయిదడుగుల కర్ర, అప్పటి తుపాకీ పొడవు సుమారుగా అంతే. అసలు తుపాకీ నాలుగున్నర కిలోల దాకా తూగేది. పెద్దవాళ్లకు ఆ బరువు తెలియాలంటే 40 మి.మీ. పీవీసీ పైపు నిండా పొడి ఇసుక పోసి రెండు వైపులా మూతలు అతికించండి, మూడు కిలోల దాకా వస్తుంది. పిల్లలకు ఖాళీ పైపే ఇవ్వండి. ఇసుక తడిగా ఉంటే మూతలు ఊడతాయి. అసలు మందు, అసలు బాయొనెట్ ఈ పాఠంలో ఎక్కడా లేవు.

మొదట ఒక్కొక్కరే

స్టూబెన్ పద్ధతిలో అసలు కీలకం ఇక్కడుంది. కొత్తవాణ్ణి గుంపులో నిలబెట్టకూడదు. ఒక్కణ్ణే తీసుకుని నిలబడటం నేర్పాలి. ఆ పని సార్జెంటుకి వదిలేసి గుడారంలో కూర్చోవడం ఆనాటి అఫీసర్ల అలవాటు. స్టూబెన్ తానే తుపాకీ పట్టుకుని చేసి చూపించాడు. నేర్పడానికి అనుభవంతోపాటు ఓపిక కావాలనీ, అది అఫీసర్లందరికీ ఉండేది కాదనీ, అందుకే చూసి ఎంచుకోవాలనీ తన 1779 కవాతు పుస్తకంలో రాశాడు. మీ దగ్గరా అంతే. గొంతు పెద్దదని ఎవరినీ నేర్పేవాడిగా పెట్టకండి.

నిలబడే తీరు: కాళ్లు నిటారుగా, మడమల మధ్య రెండు అంగుళాలు, కాలివేళ్లు బయటికి. పొట్ట కాస్త లోపలికి, రొమ్ము కాస్త ముందుకి, భుజాలు వెనక్కి. చేతులు పక్కల వేలాడుతూ, అరచేతులు తొడలకి ఆని. తల మాత్రం సూటిగా కాదు. ఎడమ కన్ను చొక్కా గుండీల వరస మీదికి వచ్చేంత మేర కుడికి తిరిగి ఉండాలి. ఇది ఎవరికైనా మొదట వింతగానే ఉంటుంది. చేసేవాళ్లు తలతోపాటు కుడి భుజం కూడా వెనక్కి లాగేస్తారు. వరస మొత్తం ఏటవాలుగా కనబడితే కారణం అదే. భుజాలు రెండూ ఒక కర్రకి ఆనించి నిలబెట్టి, తల మాత్రమే తిప్పమనండి.

కుడికి తిరగడం రెండు కదలికలు. ఒకటి, కాలివేళ్లు కొద్దిగా పైకెత్తి రెండు మడమల మీదా పావు వంతు తిరగాలి. రెండు, కుడి పాదాన్ని దాని చోటికి తెచ్చుకోవాలి, చప్పుడు లేకుండా. ఎన్.సి.సి.లో కుడి మడమ, ఎడమ వేళ్ల మీద తిరిగి, ఎడమ కాలు ఎత్తి కొడతారు. అలవాటైన కాలు ఇక్కడ తప్పకుండా లేస్తుంది. వాళ్లని చెప్పులు విడిచి సిమెంటు నేల మీద చేయమంటే రెండు మూడు సార్లలో కొట్టడం మానేస్తారు.

వెనక్కి తిరగడం మూడు కదలికలు. కుడి పాదం వెనక్కి వేసి, బూటు బకిల్ ఎడమ మడమకి ఎదురుగా వచ్చేలా పెట్టాలి. అదే సమయంలో కుడి చేత్తో నడుము పక్కనుండే తూటాల పెట్టెని పట్టుకోవాలి. రెండోది, మడమల మీద సగం చుట్టు. మూడోది, కుడి పాదం చోటికి, చెయ్యి పెట్టె వదిలి కిందికి. పెట్టె పట్టుకోవడం అలంకారమనుకుంటారు. కాదు. గబుక్కున తిరిగితే వేలాడే బరువైన పెట్టె ఊగి పక్కవాడికి తగులుతుంది, తూటాలు చెదురుతాయి. వేషంలో పెట్టె లేకపోయినా ఒక సంచీ తగిలించండి, లేకపోతే ఆ చేతికి పని అర్థం కాదు.

అడుగు

మామూలు అడుగు రెండడుగుల పొడవు, నిమిషానికి సుమారు 75. త్వరిత అడుగు పొడవు అంతే, నిమిషానికి సుమారు 120. ఎన్.సి.సి. తేజ్ చల్ కూడా 120కే, కానీ అడుగు 30 అంగుళాలు. ఇక్కడ 24. ఆరంగుళాల తేడాయే కదా అనిపిస్తుంది, ఇరవై అడుగులు వేసేసరికి పది అడుగుల దూరం ముందుకెళ్లిపోతారు.

నేల మీద ముగ్గుపిండితో 61 సెంటీమీటర్లకి ఒకటి చొప్పున పదకొండు గీతలు అడ్డంగా గీయండి. పది అడుగులు వేయడానికి సరిపోతుంది. మెట్రోనోమ్ 75కి పెట్టి, ఎడమ కాలితో మొదలుపెట్టి, ఒక్కో దెబ్బకి ఒక్కో గీత మీద మడమ పడేలా నడిపించండి. గీతలు చూస్తూ తల వంచుతారు. మొదటి అయిదారు సార్లు చూడనివ్వండి, తర్వాత పిండి చెరిపేసి అదే దూరం నడిపించి కొలవండి. పది అడుగులు వేస్తే రావలసిన ఇరవై అడుగుల దూరం మీద అటూ ఇటూ అర అడుగు లోపుంటే బాగున్నట్టు.

75 నిజానికి కష్టమైన వేగం. మామూలు నడకకన్నా నెమ్మది కాబట్టి గాలిలో కాలు ఆగిపోతుంది, ఒళ్లు ఊగుతుంది. సినిమాల్లో చూసిన బిగుసు కాలి నడక ఇక్కడ తేకండి. తేలికైన, సహజమైన నడకే కావాలని పుస్తకం చెప్తుంది, ఎగుడుదిగుడు నేల మీద కూడా అలాగే సాగాలి. చేతులు భుజం దాకా ఊపడం లేదు. నేర్పేవాడు కాసేపు ఎదురుగా, కాసేపు పక్కన తానూ నడవాలి. నోటితో చెప్పి ఊరుకుంటే కుదరదు.

ముగ్గురు, తర్వాత పన్నెండు మంది

ఒక్కొక్కరుగా వచ్చేసిన తర్వాత ముగ్గురిని పక్కపక్కన పెట్టి నడిపించండి. ఆ తర్వాత ముగ్గురినీ కుడికి తిప్పి, ఒకరి వెనక ఒకరుగా నడిపించండి. ఇక్కడ అందరూ చేసే తప్పు, ముందువాడి మడమ తొక్కుతామన్న భయంతో వెనకబడటం. మధ్య జాగా పెరిగిపోతుంది. ఆగి మళ్లీ ముందుకి తిరిగితే వరస పళ్లూడిన దువ్వెనలా ఉంటుంది. దగ్గరగా నడవాలంటే అందరి ఎడమ కాలూ ఒకేసారి లేవాలి. లేచిన కాలి చోటే వెనకవాడి కాలికి చోటు. వ్యాలీ ఫోర్జ్‌లో మైళ్ల తోకని తెంచింది ఈ చిన్న సంగతే.

తర్వాత పన్నెండు మందిని ఒకే వరసలో పెట్టండి. వరస సరిచేసుకోవడం, అంటే మన 'దాహినే సజ్', ఇక్కడ చెయ్యి చాపకుండా జరుగుతుంది. సర్దుకునే వైపు మనిషి మోచేయి తగలాలి, తొయ్యకూడదు. ఆ వైపు తనకి రెండో మనిషి రొమ్ము అలా కనీకనబడేదాకా ముందుకో వెనక్కో జరగాలి. మూడో మనిషిది కూడా కనబడిందంటే మీరు ముందుకొచ్చేశారు, లేదా వంగి చూస్తున్నారు. వంగకూడదు.

వరస మొత్తాన్ని చక్రంలా పావు వంతు తిప్పడమే ఈ కవాతులో అందరినీ ఏడిపించేది. కుడికి తిప్పేటప్పుడు కుడి చివరి మనిషి ఇరుసు, ఉన్నచోటే మెల్లగా తిరుగుతాడు. ఎడమ చివరివాడు పూర్తి రెండడుగుల పొడవు అడుగు వేస్తాడు. మధ్యవాళ్లు ఇరుసుకి దగ్గరయ్యేకొద్దీ చిన్న అడుగులు. మనిషికి రెండడుగుల జాగా లెక్కన చివరివాడు ఇరుసుకి 22 అడుగుల దూరంలో ఉంటాడు, పావు చుట్టుకి దాదాపు 35 అడుగుల దూరం నడవాలి, అంటే పదిహేడు పద్దెనిమిది అడుగులు వేయాలి. 75 వేగంతో పద్నాలుగు సెకన్లు. ఇరుసులో మేకు కొట్టి, 22 అడుగుల తాడు కట్టి, ఆ పావు చుట్టు గీసేయండి. చివరివాడికి గీతే దారి. వరస మధ్యలో విల్లులా వెనక్కి వంగితే మధ్యవాళ్లు మరీ చిన్న అడుగులు వేస్తున్నారు. ముందుకి ఉబ్బితే చివరివాడు వెనకబడ్డాడు. మోచేతులు ఇరుసు వైపు తగులుతూ, కళ్లు చివరివాడి మీద ఉండాలి. ఈ రెండూ ఎదురెదురు దిక్కులు. తికమక అందుకే.

జట్టు పెద్దదైతే రెండు వరసలు పెట్టండి, మధ్య ఒక నడక అడుగు (రెండడుగుల) ఎడం. పొడుగువాళ్లు వెనక వరసలో. ఒక్కో వరసలోనూ పొట్టివాళ్లు మధ్యలో, అటూ ఇటూ పొడుగు పెరుగుతూ పోవాలి. ఫోటోకి నిలబెట్టినట్టు పొడుగువాణ్ణి మధ్యలో పెట్టేస్తారు, చూసుకోండి. జట్టుని (కంపెనీని) రెండు సగాలు చేస్తే ఒక్కోటీ ఒక ప్లటూన్. కెప్టెన్ మొదటి ప్లటూన్‌కి కుడి చివర, అతని వెనక ఒక సార్జెంటు. లెఫ్టినెంట్ రెండో ప్లటూన్‌కి కుడి చివర, అలాగే. ఎన్సైన్ అనే చిన్న అఫీసరు కంపెనీ మధ్యకి నాలుగు నడక అడుగుల వెనక.

కర్రతో తుపాకీ

కర్ర ఎడమ భుజానికి ముందు దాదాపు నిట్టనిలువుగా ఉండాలి. కింది చివర ఎడమ చేతిలో, చివరి మూడు వేళ్లు కింద, బొటనవేలూ చూపుడువేలూ ముందు. తల వైపు వాలకూడదు, బయటికీ వాలకూడదు. పది నిమిషాలకి ముంజేయి నొప్పి పుడుతుంది, కర్ర కుడికి పడుతుంది. అప్పుడు తిట్టకండి, 'రెస్ట్' ఇవ్వండి.

కాల్చి మళ్లీ దట్టించే వరకూ ఆజ్ఞలు ఈ వరసలో వస్తాయి: పాయిజ్, కాక్, టేక్ ఎయిమ్, ఫైర్, హాఫ్‌కాక్, హ్యాండిల్ కార్ట్‌రిడ్జ్, ప్రైమ్, షట్ పాన్, చార్జ్ విత్ కార్ట్‌రిడ్జ్, డ్రా రామర్, రామ్ డౌన్, రిటర్న్ రామర్, షోల్డర్. 'పాయిజ్' అంటే భుజం మీది తుపాకీని శరీరానికి ముందుకి నిలువుగా తేవడం. 'కాక్' చెకుముకి రాయి బిగించిన సుత్తిని పూర్తిగా వెనక్కి లాగడం, 'హాఫ్‌కాక్' సగం లాగి ఉంచడం. 'హ్యాండిల్ కార్ట్‌రిడ్జ్'కి పెట్టె మీద గట్టిగా చరిచి, కాగితపు తూటా తీసి, మందు తగిలేదాకా కొన పళ్లతో కొరికి, వెంటనే బొటనవేలితో మూసి, గడ్డం ఎత్తులో పట్టుకోవాలి. 'ప్రైమ్'కి చిటికెడు మందు పక్కనున్న చిన్న పళ్లెంలో పోయాలి. మూత వేశాక మిగతా మందూ, గుండూ, కాగితమూ గొట్టం నోట్లోంచి లోపలికి. ఆపైన కడ్డీతో దట్టించి, కడ్డీ తిరిగి దాని చోట పెట్టాలి. మన పల్లెల్లో మందు దట్టించే నాటు తుపాకీ చూసినవాళ్లకు సగం తెలిసిన పనే. తూటాకి బదులు చాక్లెట్ కాగితంలో గుప్పెడు రవ్వ చుట్టి ఇవ్వండి. కొరకడం నిజంగా కొరకాలి, లేకపోతే పిల్లలు ఆ కదలికని ముక్కు గోక్కున్నట్టు చేస్తారు.

నిజం తుపాకీతో ఏమి తప్పేదో చెప్తే వాళ్లకి ప్రతి కదలికా గుర్తుంటుంది. హడావుడిలో కడ్డీ తీయడం మరిచి కాలిస్తే కడ్డీ ఎగిరిపోతుంది, ఇక ఆ రోజుకి దట్టించడానికి ఏమీ ఉండదు. పళ్లెంలో మందు చెమ్మగిల్లినా, రాయి అరిగినా, గొట్టం పక్క చిల్లు మసితో పూడుకున్నా పైన మెరుపు మాత్రమే వస్తుంది, గుండు కదలదు. చుట్టూ పొగ, మోత. కాల్చాననుకుని దాని మీద ఇంకో గుండు దట్టించేవాడు. ఇంగ్లిష్ తుపాకీ గొట్టం 19 మి.మీ., ఫ్రెంచ్‌ది 17.5. ఒకే సైన్యంలో రెండూ ఉండేవి. ఫ్రెంచ్ తూటా ఇంగ్లిష్ గొట్టంలో వదులుగా దొర్లుతుంది, ఇంగ్లిష్ తూటా ఫ్రెంచ్ గొట్టంలో ఇరుక్కుంటుంది. మొదట ఒక్కో ఆజ్ఞా విడిగా, నెమ్మదిగా. అలవాటయ్యాక ఆజ్ఞలు ఆపేసి ఒక్క మాటతో మొత్తం చేయించండి. ఆరితేరిన సిపాయి నిమిషానికి మూడు సార్లు కాల్చేవాడు. రవ్వ తూటాలతో పిల్లలకి ఒకసారికి నలభై సెకన్లు పడితే సంతోషించండి.

బాయొనెట్ పాఠం మాటలతోనే సరిపెట్టండి. 1779 జులైలో అమెరికా జనరల్ ఆంథొనీ వేన్ ఇంగ్లిష్‌వాళ్ల చేతిలో ఉన్న స్టోనీ పాయింట్ కోట మీదికి రాత్రివేళ వెళ్లినప్పుడు, కోట ఎక్కిన దళాల తుపాకుల్లో మందే లేదు. మాంసం ఊచలతోనే కోట పట్టారు. రెండేళ్లకి యార్క్‌టౌన్‌లో ఇంగ్లిష్ సేనాని కార్న్‌వాలిస్ లొంగిపోయినప్పుడు ముట్టడిలో ఒక డివిజన్ స్టూబెన్ చేతికింద ఉంది. ఆ కార్న్‌వాలిసే తర్వాత గవర్నర్ జనరల్‌గా మన దేశానికి వచ్చి, 1788లో నిజాం నుంచి గుంటూరు సర్కారు తీసుకున్నాడు. గుంటూరు పిల్లలుంటే ఈ ముక్క చెప్పండి, అరగంట పాటు కర్రలు వాలవు.

విడిది గీయడం

చాలామంది వదిలేసే భాగం ఇది. స్టూబెన్ పుస్తకంలో బాయొనెట్‌కి ఎంత చోటుందో మరుగుదొడ్డికీ అంత విలువుంది. వ్యాలీ ఫోర్జ్‌లో ఆ చలికాలం, వసంతం కలిపి రెండు వేల మంది దాకా పోయారు, గుండ్లకి కాదు, జబ్బులకి. అందుకే జాగా ఉంటే నేల మీద విడిది కూడా గీయించండి.

దండు వరసలో నిలబడితే ఎంత వెడల్పో గుడారాల ముందు భాగం కూడా అంతే వెడల్పు. రాత్రి ఉలిక్కిపడి లేచినా ఎవరి గుడారం ముందు వాళ్లు నిలబడితే వరస తయారవుతుంది. వంటపొయ్యిలు వెనక, పెద్ద అఫీసర్ల గుడారాలకి 40 అడుగుల దూరంలో తవ్వాలి. మొదటి వరస గుడారాలవాళ్ల దొడ్లు 300 అడుగులు ముందు, రెండో వరసవాళ్లవి అంతే దూరం వెనక. అంటే మొదటి వరసవాళ్లకి పొయ్యిలు ఒక దిక్కున, దొడ్లు ఒక దిక్కున. గుంటలు నాలుగు రోజులకొకసారి పూడ్చి కొత్తవి తవ్వాలి, ఎండాకాలంలో ఇంకా తొందరగా. గుర్రమో పశువో చస్తే అర మైలు దూరం మోసుకెళ్లి పాతాలి. ఎవరు చూడాలన్నది కూడా రాసి ఉంది, క్వార్టర్‌మాస్టర్. మీ జట్టులోనూ ఒకరికి ఆ పేరు పెట్టండి. మీ మైదానంలో 300 అడుగులు దొరక్కపోతే పదో వంతుకి తగ్గించి గీయండి, నిష్పత్తి చెడకుండా.

పిల్లలు తప్పకుండా 'ఎందుకు' అని అడుగుతారు. విసుక్కోకండి. యూరప్ సిపాయికి 'ఇది చెయ్యి' అంటే చేస్తాడు, అమెరికావాడికి కారణం చెప్తేగానీ చెయ్యడని స్టూబెన్ తన పాత స్నేహితుడికి రాశాడు. పైన ప్రతి అంగుళానికీ కారణం రాసింది అందుకే.

అన్నీ వచ్చాయో లేదో చూడటానికి ఒక పరీక్ష. ఫ్రాన్స్ పొత్తు కుదిరిన సంబరానికి 1778 మే 6న వ్యాలీ ఫోర్జ్‌లో దండు మొత్తం ఇది చేసింది. రెండు వరసలు నిలబెట్టండి. తుపాకీకి బదులు ఒక్కొక్కరు ఒక చప్పట. ముందు వరస కుడి చివర మొదలై, ఒకరి తర్వాత ఒకరుగా ఎడమ చివరకి మోత పాకిపోవాలి, అక్కడ ఆగకుండా వెనక వరస ఎడమ చివరవాడు అందుకుని కుడికి తేవాలి. పక్కవాడి చప్పట వినబడ్డాక కొట్టేవాడు ఎప్పుడూ ఆలస్యమే, లెక్కపెట్టుకుంటూ కొట్టేవాడు ముందే కొడతాడు. మోచేతికి పక్కవాడి చెయ్యి కదలడం తెలిసినప్పుడు కొట్టినవాడిదే సరైన వేళ. ఎక్కువగా తెగేది ఎడమ చివర, ముందు వరస నుంచి వెనక్కి మారే చోట. అక్కడ మీ జట్టులో నెమ్మదైనవాణ్ణి పెట్టండి, హుషారైనవాణ్ణి కాదు.